పనిలో పడ్డ మనిషి

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి షాహీన్ మూడో అంతస్తు గదిలో రజాయికి గలీబు తొడుగుతోంది. ఆ హోటల్లో రజాయంటే పరుపంత మందం ఉంటుంది. గలీబుని తిరగేసి, రెండు చేతులూ దాని మూలల్లోకి దూర్చి, లోపల్నించే రజాయి మూలల్ని ఒడిసిపట్టుకుని గట్టిగా ఒక్క దులుపు దులపాలి. డిసెంబరులో వచ్చిన కొత్తలో ఒక్కోదానికి పావుగంట పట్టేది. మధ్యలో చేతులు పట్టు తప్పి, తనే గలీబులో చిక్కుకుపోయేది. ఇప్పుడు ఫిబ్రవరి సగమైంది. రెండు నిమిషాల్లో అయిపోతోంది.

గది గాలాడటానికి కిటికీ తెరిచి ఉంది. కిందనించి పార గీసుకుంటున్న చప్పుడు వినబడి తొంగిచూసింది. వంటింటి వెనకాల ఇనప మెట్ల మీద సీమోను నిలబడి ఐసు కొడుతున్నాడు. నల్ల రబ్బరు బూట్లు, గిన్నెలు కడిగేటప్పుడు కట్టుకునే రబ్బరు ఏప్రను, తలకి మఫ్లరు.

"ఇవాళ మీకు సెలవు కదా అన్నయ్యా?" అని తెలుగులో కేకేసింది.

అతను పార ఆనించి తలెత్తాడు. "రమ్మన్నారమ్మా. మెట్లన్నీ గడ్డకట్టుకుపోయినయ్యంట. ఈ పని చేసే ఆయనకి జ్వరమంట."

"ఆయన బూట్లకి ముళ్ళ పట్టీలు వేసుకుంటాడు. మీరూ వేసుకోవాల్సింది."

"అయ్యి ఆయన బీరువాలో ఉన్నయ్యి. తాళం ఆయన దగ్గరుంది. ఎంతసేపమ్మా, పది మెట్లేగా" అని మళ్ళీ పార ఎత్తాడు.

షాహీన్ లోపలికొచ్చి దిండు గలీబులు విప్పుతూ ఉంది. అరుపేమీ వినపళ్ళేదు. పార మెట్టు మెట్టుకీ తగులుతూ కిందికి జారిన చప్పుడు వినిపించింది, ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. కిటికీ దగ్గరికి పరిగెత్తింది. సీమోను మెట్ల అడుగున పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద తిరగకూడని వైపుకి తిరిగి ఉంది. అతను దాన్నే చూస్తున్నాడు, తన కాలు కాదన్నట్టు.

ఆమె కిందికి చేరేసరికి వంటవాళ్ళు ఇద్దరు చుట్టూ మూగారు. మేనేజరు కార్లా ఫోనులో అంబులెన్సుకి దారి చెబుతోంది. షాహీన్ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

"నొప్పిగా ఉందా అన్నయ్యా?"

"ఇంకా తెలవట్లేదమ్మా" అన్నాడు. కాసేపాగి, "గిన్నెలు మిషన్లో పెట్టొచ్చాను. ఆపమని చెప్పు, లేపోతే వేడికి గాజుగ్లాసులు పగులుతయ్యి" అన్నాడు.

*

ఆ హోటల్లో పనివాళ్ళు ముప్పైమంది ఉంటే తెలుగువాళ్ళు వీళ్ళిద్దరే. షాహీన్‌ది బందరు. సీమోనుది దివిసీమలో నాగాయలంక దగ్గర. ఇద్దరూ ఒకే ఏజెంటు ద్వారా, ఒకే విమానంలో, ఒక సీజను పర్మిట్ల మీద ఇటలీ వచ్చారు. ఆల్ప్స్ కొండల్లో వాల్ బ్రూనా అనే ఈ ఊళ్ళో డిసెంబరు నించి ఏప్రిలు దాకా మంచు మీద జారే ఆటలకి జనం వస్తారు. ఏప్రిల్లో మంచు కరగ్గానే హోటలు మూస్తారు, పనివాళ్ళు ఇళ్ళకి వెళ్తారు. మళ్ళీ ఏడాది ఎవర్ని పిలవాలో మేనేజరు జాబితా రాస్తుంది. పేరుంటే పర్మిటు వస్తుంది, లేకపోతే లేదు.

గుడివాడలో ఏజెంటు ఆఫీసులో నేర్పిన ఇటాలియన్ సీమోనుకి విమానం ఎక్కేలోపే మరుపుకొచ్చింది. షాహీన్ మాత్రం పట్టుదలగా నేర్చుకుంది. బందర్లో ఓ నర్సింగ్‌హోమ్‌లో రిసెప్షన్లో చేసినప్పుడు నోరు అలవాటైంది కాబట్టి తప్పులొస్తాయని భయపడకుండా మాట్లాడేది. సీమోనుకి జీతం కాగితమొచ్చినా, పంటి నొప్పొచ్చినా, ఇటాలియన్లో అతని తరపున మాట్లాడేది ఆమే.

మధ్యాహ్నం రెండింటికి కార్లా ఆమెని ఆఫీసులోకి పిలిచింది. కార్లాకి యాభై దాటాయి. పదహారో ఏట ఇదే హోటల్లో గదులు తుడిచే పనికి చేరిందట. పనివాళ్ళకి జ్వరమొస్తే తనే సూపు పట్టుకెళ్ళేది. అందుకని ఆమె అంటే షాహీన్‌కి గౌరవం. ఆ రోజు కార్లా కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని, తాగకుండా కూర్చుంది.

"ఆపరేషన్ చేశారు. రెండు ఎముకలు విరిగాయి. నడుస్తాడు, కానీ నెలలు పడుతుంది" అంది. "ఎలా పడ్డాడో ఆస్పత్రి వాళ్ళు కాగితం మీద రాయాలి. అతనికి భాష రాదు కదా. శుక్రవారం డాక్టరు అడుగుతుందట, నిన్ను తీసుకురమ్మన్నారు."

"వెళ్తానండి."

"షాహీన్, ఈ రోజు అతనికి సెలవు."

"సెలవే. కానీ మీరు రమ్మన్నారు."

కార్లా కప్పు కింద పెట్టింది. "అతని పని గిన్నెలు కడగడం. ఎత్తు మీద ఐసు కొట్టడానికి వేరే శిక్షణ ఉండాలి, బెల్టుండాలి, బూట్లుండాలి. పనిలో పడ్డాడని రాస్తే తనిఖీవాళ్ళు వస్తారు. సీజను మధ్యలో వంటిల్లు మూయిస్తే ముప్పైమందికీ పని ఉండదు. సెలవు రోజున పిల్లలాడే మంచుబండి ఎక్కి సరదాగా జారుతూ పడ్డాడు. అంతే రాయించు. వైద్యం ఎలాగూ జరుగుతుంది. వచ్చే ఏడు జాబితాలో అతని పేరు మొదట రాస్తాను, మాటిస్తున్నాను. నీ సంగతీ అనుకున్నదే కదా."

నీ సంగతి అంటే రిసెప్షన్. వచ్చే సీజన్లో షాహీన్‌ని రిసెప్షన్లో కూర్చోబెడతానని పదిరోజుల కిందటే కార్లా చెప్పింది. నేలమాళిగలో నలుగురితో కలిసుండే గది బదులు విడిగా ఒక గది ఇస్తారు. ఆ రోజే షాహీన్ వాళ్ళమ్మ ఖాసింబీకి ఫోన్లో చెప్పేసింది. ఆవిడ బందర్లో వీధి వీధంతా చెప్పేసింది.

"అతన్ని అడిగి చెబుతానండి" అని లేచింది షాహీన్.

*

బుధవారం గదుల పని ముగించుకుని లోయలోకి బస్సెక్కింది. ముప్పావుగంట దారి. రోడ్డుకి రెండు వైపులా మనిషెత్తు మంచు గోడలు. బస్సంతా రంగురంగుల కోట్లేసుకున్న జనం, కాళ్ళకి బరువైన బూట్లు. ఒకావిడ ఒళ్ళో ఎర్రటి ప్లాస్టిక్ మంచుబండి ఉంది. షాహీన్ దాన్ని దిగేదాకా చూస్తూ కూర్చుంది.

సీమోను మంచం మీద దిండుకానుకుని ఉన్నాడు. కాలికి కట్లూ, పక్కన ఇనప కడ్డీలూ ఉన్నాయి. ఆమెని చూసి మొహం విప్పారింది.

"ఉప్మా కావాలంటే ఏమని అడగాలమ్మా ఇక్కడ? పొద్దున్నే తీపి బిస్కత్తులిచ్చారు."

"ఉప్మా దొరకదన్నయ్యా. నేను రేపు అన్నం చేసి పంపిస్తాను." కుర్చీ దగ్గరికి లాక్కుని, కార్లా అన్న మాటలన్నీ ఒకదాని తరవాత ఒకటి చెప్పింది. తన రిసెప్షన్ సంగతి మాత్రం చెప్పలేదు.

అతను దుప్పటి అంచు వేళ్ళతో మడతలు పెడుతూ విన్నాడు.

"ఆవిడ చెప్పినట్టే రాయించమ్మా" అన్నాడు చివరికి.

"మీరు పనిలో పడ్డారు. నేను చూశాను."

"చూశావు. నీకు తెలుసు, నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. ఇంకెవరికీ తెలవకపోతే ఏంలే. మావోడు బెన్నీ గుడ్లవల్లేరులో ఇంజనీరింగు రెండో సంవత్సరం. ఇంకో రెండు సీజన్లు నేనిక్కడికి రావాలి. రొయ్యల చెరువుల మీద కాపలాకి ఈ కాలేసుకుని నన్నెవడు పెట్టుకుంటాడు? ఇక్కడ గిన్నెల దగ్గరైతే నిలబడి చేస్తాను, కావాలంటే స్టూలేసుకుని చేస్తాను. జాబితాలో పేరుంటే చాలు."

"పనిలో పడ్డట్టు రాస్తే, మీరు కోలుకునేదాకా ప్రభుత్వం చూస్తుందంటన్నయ్యా. రేపు కాలు తేడా చేసినా అడిగే హక్కుంటుంది."

"హక్కంటే ఎవర్నడగాలి? ఏ భాషలో అడగాలి? నువ్వుంటావా పక్కన?" అతను నవ్వాడు, కోపంగా కాదు. "రాయించమ్మా. రూతుకి కూడా ఇందాక అట్టాగే చెప్పాను. అందరికీ ఒక మాట మీద ఉండాలిగా."

షాహీన్‌కి నచ్చలేదు. కానీ లోపల ఎక్కడో ఒక బరువు దిగినట్టయింది. అతనే వద్దన్నాడు, తనేం చెయ్యగలదు? తిరుగు బస్సులో అదే మాట నాలుగైదుసార్లు అనుకుంది. ప్రతిసారీ బరువు దిగిన సంగతే గుర్తొచ్చి సిగ్గేసింది.

*

గురువారం మధ్యాహ్నం లాండ్రీలో టవళ్ళు మడతలు పెడుతుంటే ఫోను మోగింది. సీమోను భార్య రూతు. నాగాయలంక దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. రెండు మూడుసార్లు వీడియోలో పలకరించుకున్నారే గానీ విడిగా ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"షాహీన్ గారూ, పనిలో ఉన్నారా అండీ?"

"పర్లేదు, చెప్పండి వదినా. అన్నయ్య బాగానే ఉన్నారు. నిన్న చూసొచ్చాను."

"మీరుండబట్టి ధైర్యంగా ఉన్నానండి. ఒకటడుగుతాను, ఏమనుకోరుగా? ఈయన మంచు మీద పిల్లలాడుకునే బండి ఎక్కి జారతా పడ్డానంటాడేంటండీ?"

షాహీన్ చేతిలో టవలు ఆగిపోయింది.

"నలభై ఆరేళ్ళ మనిషండి. మా బెన్నీ చిన్నప్పుడు గాలిపటం ఎగరెయ్యి నాన్నా అంటే గట్టు మీద పనుందని వెళ్ళిపోయినోడు. క్రిస్మస్‌కి చర్చి దగ్గర మగాళ్ళందరూ తాడు లాగుతుంటే, ఈయన ఆ తాడు కట్టి పక్కన కూర్చునే రకం. ఆ మనిషికి ఆటేంటండీ?" రూతు గొంతు కొంచెం తగ్గింది. "షెడ్డులో అందరికీ తెలిసిపోయింది. నేను ఏడుస్తుంటే ఓదారుస్తానే ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటన్నారు. మీ ఆయన సంపాదించుకురమ్మంటే ఆడుకోడానికెళ్ళాడా అంది ఒకావిడ. ఆయన కాలిరిగినందుకు కంటే నాకు దీనికే కడుపు మండిపోతందండీ. నిజం చెప్పండి. ఆయన పనిలో పడ్డాడా, ఆటలో పడ్డాడా?"

లాండ్రీ మిషన్లు నాలుగూ తిరుగుతున్నాయి. షాహీన్ తలుపు దగ్గరికి జరిగింది.

"ఆయన మీకేం చెప్పారో అదే వదినా" అంది.

"సరేనండి" అంది రూతు. "మీకు శ్రమిచ్చాను. ఉంటానండి."

షాహీన్ మళ్ళీ బల్ల దగ్గరికొచ్చింది. పెద్ద టవలు మూడు మడతలు, చిన్నది రెండు, అంచులు లోపలికి. ఇరవై మడిచాక చూసుకుంటే అన్నీ తిరగబడి ఉన్నాయి. విప్పి మొదట్నించీ మడిచింది.

*

శుక్రవారం పదకొండింటికి ఆస్పత్రిలో డాక్టరు వచ్చింది. తెల్ల జుట్టు కురచగా కత్తిరించుకున్న పెద్దావిడ. మంచం పక్కన కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని, షాహీన్‌ని అవతలి వైపు కూర్చోమంది.

"నేను అడిగింది అతనికి చెప్పు, అతను అన్నది నాకు చెప్పు. కలపొద్దు, తీసెయ్యొద్దు. సరేనా?"

"సరేనండి" అంది షాహీన్.

పేరు, పుట్టిన తేదీ, పని, ఎన్నాళ్ళ నించి అన్నవి గబగబా అయిపోయాయి. సీమోను ఒక్కో జవాబూ బళ్ళో పిల్లాడిలా గట్టిగా చెప్పాడు.

"మంగళవారం ఎలా పడ్డాడు?"

షాహీన్ తెలుగులో అడిగింది. సీమోను గొంతు సవరించుకున్నాడు. "సెలవమ్మా ఆ రోజు. సరదాగా మంచుబండి ఎక్కి జారతా పడ్డాను. అని చెప్పు."

షాహీన్ చెప్పింది. డాక్టరు రాయలేదు. పక్కనున్న ఇంకో కాగితం తీసి చూసింది.

"అంబులెన్సు వాళ్ళు రాసింది ఇది. మనిషి హోటలు వంటింటి వెనక దొరికాడు. కాళ్ళకి రబ్బరు బూట్లు, ఒంటి మీద రబ్బరు ఏప్రను." కాగితం కింద పెట్టింది. "నేను ఈ లోయలో ముప్పైఏళ్ళుగా విరిగిన కాళ్ళు చూస్తున్నాను. బండి మీద పడ్డ కాలు ఒకలా విరుగుతుంది. మెట్ల మీద పడ్డ కాలు ఒకలా విరుగుతుంది. అయినా అడుగుతాను. ఆ బండి మీద ఎలా కూర్చున్నాడు? ఏ కాలు ముందుంది?"

షాహీన్ తెలుగులోకి మార్చింది. సీమోను కళ్ళు ఒకసారి గోడ మీదికి, ఒకసారి తన కాలి మీదికి పోయాయి. కుడిచెయ్యి గాల్లోకి లేచింది, ఏదో పట్టుకోబోయి, ఏం పట్టుకోవాలో తెలియక ఆగిపోయింది. చెయ్యి దించి షాహీన్ వైపు తిరిగాడు.

"ఆ బండి మీద ఎట్టా కూర్చుంటారమ్మా?" అన్నాడు మెల్లిగా.

డాక్టరు షాహీన్ మొహం చూస్తోంది, మాట కోసం.

షాహీన్‌కి జవాబు తెలుసు. కాళ్ళు చాపుకుని కూర్చుంటారు, రెండు చేతుల్తో తాడు పట్టుకుంటారు. కిటికీల్లోంచి రోజూ చూస్తూనే ఉంది. ఆ రెండు ముక్కలూ ఇటాలియన్లో చెప్పడానికి పట్టేది ఒక్క క్షణం. నోరు తెరిచింది. కలపొద్దు, తీసెయ్యొద్దు అని ఈవిడ మొదట్లోనే అంది. సరేనని తనే అంది. ఇంతకుముందు ఒక అబద్ధాన్ని మోసుకొచ్చింది, అది అతని మాట. ఇప్పుడు చెప్పబోయేది అతని మాట కూడా కాదు. తనది.

"ఆ బండి మీద ఎలా కూర్చుంటారు అని అడుగుతున్నాడండి" అంది.

డాక్టరు కలం మూత పెట్టింది.

"ఏం చెప్పావమ్మా?" అన్నాడు సీమోను.

"మీరన్నదే చెప్పానన్నయ్యా. మీరు నన్నడిగిందే."

"ఎంత పని చేశావు" అన్నాడు సీమోను. తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. బయట కొండ మీద తీగల మీద కుర్చీలు ఒకదాని వెనక ఒకటి పైకి పోతున్నాయి, ఒక్కోదాంట్లో ఇద్దరిద్దరు మనుషులు. వాటిని చాలాసేపు చూశాడు. షాహీన్ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తుడుచుకోకుండా కూర్చుంది.

"నేను పోలీసుని కానని చెప్పు అతనికి" అంది డాక్టరు. "ఈ కాలికి ఏం జరిగిందో రాయడం ఒక్కటే నా పని. అతను చెప్పకపోతే తెలియదని రాస్తాను. తొందరేం లేదు."

షాహీన్ చెప్పింది. సీమోను కిటికీ వైపే చూస్తూ, "రూతు నీకు ఫోన్ చేసిందా?" అని అడిగాడు.

"చేసింది."

"నాకు నిన్నట్నించీ చెయ్యలా. నేను చేస్తే బెన్నీ ఎత్తాడు. అమ్మ పనిలో ఉంది అన్నాడు. వాడు కూడా ఏదో అడగబోయి మానేశాడు." గడ్డం మీద మాసిన వెంట్రుకలు గోక్కున్నాడు. "ఈవిడ్ని ఒకటడుగు. నిజం చెబితే, రాసి ఆ కాగితం నా చేతికిస్తారా?"

"ఇస్తాను. ఒకటి అతనికే" అంది డాక్టరు.

అప్పుడు సీమోను ఇటు తిరిగాడు. మోచేతుల మీద బరువేసి పైకి జరిగి కూర్చున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక అతన్ని ఎవరూ ఏమీ అడగక్కర్లేకపోయింది. తొమ్మిదింటికి గది తలుపు కొట్టడం, పార చేతికివ్వడం, పై మెట్టు నించి మొదలుపెట్టమనడం. రెండు చేతులూ పార పట్టుకున్నట్టు పట్టుకుని, ఎడమ భుజం దించి, ఎలా కొట్టాడో చూపించాడు. "మా దగ్గర ఐసంటే పెట్టెల్లో రొయ్యల మీద పోసేదమ్మా. పలుగేసి కొడితే పొడిపొడి అయిపోద్ది. ఇది అట్టా కాదు. ఇనుముకి ఇనుము అతికినట్టుంది. ఆరు మెట్లు అయినయ్యి. ఏడోదాని కాడ పెళ్ళ ఊడలేదని ఒక కాలు కింద మెట్టు మీదేసి బలంగా నెట్టాను. పెళ్ళ ఒక్కసారే ఊడింది. దాంతోపాటే నేనూ పోయాను." చేతులు ఖాళీ గాల్లో పారని వదిలేశాయి.

షాహీన్ ఒక్కో ముక్కా ఇటాలియన్లో చెప్పింది. పెళ్ళ అన్నమాట ఇటాలియన్లో తెలియక చేతుల్తో చూపించింది. డాక్టరు రాస్తూ పోయింది.

వెళ్ళేముందు సీమోను ఆమెని పిలిచాడు. "జాబితాలో నా పేరు ఇంక ఉండదుగా?"

"ఉండకపోవచ్చన్నయ్యా. నాది కూడా ఉండదేమో."

అతను ఆ రెండో మాట గురించి ఆలోచించాడు. "నీకేమన్నా ఇస్తానందా ఆవిడ?"

"రిసెప్షన్."

"నాకు చెప్పలేదేమ్మా?" అన్నాడు సీమోను.

ఆమె దుప్పటి సర్ది బయల్దేరింది.

*

హోటలుకి రాగానే నేరుగా కార్లా ఆఫీసుకి వెళ్ళింది. వేరేవాళ్ళు చెప్పేలోపు తనే చెప్పాలనుకుంది.

"పనిలో పడ్డట్టు రాశారండి."

కార్లా కళ్ళజోడు తీసింది. "అతను చెప్పాడా, నువ్వు చెప్పావా?"

అతనే చెప్పాడు అంటే సరిపోతుంది. అది అబద్ధం కూడా కాదు. "మొదట అతను మీరన్నట్టే చెప్పాడు. మధ్యలో నన్నొక ప్రశ్న అడిగాడు. అది నేను డాక్టరుకి చెప్పేశాను. చెప్పకుండా ఉండొచ్చు, కానీ చెప్పాను."

కార్లా కళ్ళజోడు బల్ల మీద పెట్టింది. తరవాత, "ఆ పార అతని చేతికి ఇచ్చింది నేనే" అంది, షాహీన్‌తో కానట్టు. "ఇరవై ఏళ్ళ కిందట ఆ మెట్లు నేనే కొట్టేదాన్ని. మామూలు బూట్లేసుకుని. ఏమీ కాలేదు. అందుకని ఏమీ కాదనుకున్నాను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "యజమానితో నేను మాట్లాడుకోవాలి. రిసెప్షన్ సంగతి ఇంక నా చేతుల్లో ఉండదు, షాహీన్."

"తెలుసండి."

"రేపు శనివారం. పద్నాలుగు గదులు మారతాయి. పొద్దున్నే మొదలుపెట్టు."

శనివారం పొద్దున ఏడింటికి షాహీన్ వెనకదారిన చెత్తసంచులు పట్టుకెళ్తుంటే తలుపు పక్కన కొత్త అట్టపెట్టె కనబడింది. అందులో బూట్లకి తొడిగే ముళ్ళ పట్టీలు, అన్ని సైజులవీ, ఇరవై జతల దాకా ఉన్నాయి. గోడకి మేకు కొట్టి రెండు హెల్మెట్లు తగిలించారు. మెట్ల మీద ఉప్పు చల్లి ఉంది. తనిఖీవాళ్ళు సోమవారం వస్తారని వంటింట్లో చెప్పుకుంటున్నారు. కూరగాయలు తరిగే అమ్మాయి ఒక జత తీసి బూట్లకి తొడుక్కుని, నాలుగడుగులు వేసి చూసుకుని, షాహీన్ వైపు చూసి తలూపింది. ఇంకో వంటవాడు ఆమె వస్తే మాట ఆపేశాడు. వంటిల్లు మూస్తే అతని సీజను పోతుంది. ఆమె అతన్ని తప్పుపట్టలేదు.

పద్నాలుగు గదుల్లో తొమ్మిది అయ్యాయి. ఒంటిగంటన్నరకి మెట్ల మీద కూర్చుని రొట్టె తింటుంటే ఫోను మోగింది. రూతు.

"షాహీన్ గారూ, తింటన్నారా అండీ?"

"అయిపోయింది వదినా. చెప్పండి."

"ఈయన ఏదో కాగితం ఫోటో తీయించి పంపాడండి. చదివించుకో అన్నాడు, ఇంకేం చెప్పలా. బెన్నీ ఫోన్లో ఏదో నొక్కి తెలుగు చేశాడు గానీ తలా తోకా లేదు. మీకు పంపాను, చూశారా?"

వెనకాల నీళ్ళ చప్పుడు, ప్లాస్టిక్ ట్రేలు ఒకదాని మీద ఒకటి పడే చప్పుడు, ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. ఇంకా షెడ్డులోనే ఉంది. షాహీన్ ఫోటో తెరిచి వేళ్ళతో పెద్దది చేసింది. డాక్టరు దస్తూరీ గుండ్రంగా, విడివిడిగా ఉంది.

"వదినా, నిన్నగాక మొన్న మీరొకటి అడిగితే నేను సరిగ్గా చెప్పలేదు."

"తెలుసండి" అంది రూతు. "మీ గొంతులోనే తెలిసింది. ముందు చదవండి."

"సరే, చదువుతున్నాను."

"ఆగండాగండి." ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. రూతు గొంతు దూరంనించి, "ఏమ్మా, ఆ పంపు ఒకసారి కట్టండి. మా ఆయన కాగితం వచ్చింది, ఇటలీ నించి ఆవిడ చదువుద్ది" అంది. నీళ్ళు ఆగిపోయాయి. "ఇప్పుడు చదవండి. స్పీకర్లో పెట్టాను."

షాహీన్ రొట్టె పక్కన పెట్టి, ఒక్కో వాక్యం ఇటాలియన్లో కళ్ళతో చదువుకుని తెలుగులో చెప్పసాగింది. రోగి పేరు. వయసు. ఫలానా హోటల్లో గిన్నెలు కడిగే పని. కుడికాలు మోకాలి కింద రెండు ఎముకలు విరిగాయి. సెలవు రోజున, పై అధికారి పిలుపు మీద, ఇనప మెట్ల మీద గడ్డకట్టిన మంచు తొలగించే పని చేస్తూ...

"అక్కడ మళ్ళీ ఒకసారి చదవండి" అంది రూతు.

"సెలవు రోజున, పై అధికారి పిలుపు మీద..."

"దాని తరవాతదండీ."

షాహీన్ లేచి నిలబడింది. అవతల షెడ్డులో చప్పుడు లేదు. అందరికీ వినబడేలా గొంతు పెంచి చదివింది.

"పని చేస్తూ పడిపోయాడు."